బాక్టీరియా చచ్చినా విషం చావదు: మెనింజైటిస్‌పై తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం

(తిరుపతిలో హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, పశువైద్య సిబ్బంది కలిసి పాల్గొన్న సభలో తెలుగులో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

వెనక వరుసల్లో పశువైద్య సిబ్బంది కూర్చున్నారు. మనుషుల మెదడు పొరలకు వచ్చే జబ్బు గురించిన సభకు వాళ్లను ఎందుకు పిలిచామా అని కొందరికి అనుమానంగా ఉన్నట్టుంది. కాసేపట్లో తెలుస్తుంది. మందుల పేర్లు, బాక్టీరియా పేర్లు తప్ప మిగతాదంతా తెలుగులోనే చెబుతాను.

మెనింజైటిస్‌తో, అంటే మెదడు పొరల వాపుతో వచ్చిన మనిషికి సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించాం. మర్నాడు మళ్లీ తీసిన వెన్నునీటిలో ఏ బాక్టీరియా పెరగలేదు. మందు పనిచేసిందన్నమాట. అయినా మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. ఇంటికి పంపేనాటికి ఒక చెవి వినపడటం లేదు. ‘పురుగు చచ్చిపోయిందన్నారు కదా సార్, మళ్లీ ఇదేంది?’ అని ఇంటివాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. బాక్టీరియాను చంపడం ఒక పని, దాని విషాన్ని ఆపడం ఇంకో పని. మొదటి పనికి మన దగ్గర మంచి మందులున్నాయి. రెండో పనికి ఉన్నవే తక్కువ, ఆ కాసిన్నీ చాలాసార్లు వేళ దాటాక ఇస్తున్నాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

మెదడు చుట్టూ మూడు పొరలు. బయట గట్టిగా ఉండేది డ్యూరా, మధ్యలోది అరక్నాయిడ్, మెదడుకు అంటుకుని పల్చగా ఉండేది పయా. అరక్నాయిడ్‌కూ పయాకూ నడుమ ఉండే నీరే సీఎస్‌ఎఫ్, మనం వెన్నునీరు అంటున్నది. పెద్దవాళ్లలో ఏ క్షణంలో చూసినా అది దాదాపు 150 మిల్లీలీటర్లు. రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరి, పాతది రక్తంలోకి ఇంకిపోతుంది. ఈ నీటికి కాపలా బలహీనం. యాంటీబాడీలు, కాంప్లిమెంట్ ప్రోటీన్లు రక్తంతో పోలిస్తే నామమాత్రం. తెల్లకణాలు మైక్రోలీటరుకు 5 లోపే. అందుకే రక్తం నుంచి ఒక్కసారి ఇక్కడికి దిగిన బాక్టీరియాకు ఎదురుండదు. మిల్లీలీటరుకు లక్షల్లోకి, ఒక్కోసారి కోటి దాకా పెరుగుతుంది.

బాక్టీరియా విషాలు రెండు రకాలు. తయారై బయటికి వచ్చి పనిచేసే ప్రోటీన్లు ఎక్సోటాక్సిన్లు. గ్రామ్ నెగటివ్ (గ్రామ్ రంగు పరీక్షలో ఊదా పట్టని) బాక్టీరియా బయటి పొరలోనే భాగమై ఉండి, అది చచ్చినప్పుడు గానీ పొర ముక్కలు రాలినప్పుడు గానీ బయటపడేవి ఎండోటాక్సిన్లు. ఈ రెండో సంగతిని 1892 ప్రాంతంలో బెర్లిన్‌లో కలరా మీద పనిచేస్తూ గుర్తించినవాడు రిచర్డ్ ఫైఫర్. చచ్చిన బాక్టీరియాను ఎక్కించినా జంతువులు చనిపోతున్నాయని ఆయన చూశాడు. మన రోగి ఇంటివాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు అప్పటికే సగం దొరికిందన్నమాట.

ఇక న్యుమోకాకస్ అనే బాక్టీరియా దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. పెద్దవాళ్లలో మెనింజైటిస్ తెచ్చేవాటిలో ముందుండేది ఇదే, వదిలి వెళ్లే నష్టంలోనూ ఇదే ముందు. దీని విషం పేరు న్యుమోలైసిన్. 471 అమైనో ఆమ్లాలున్న, 53 కిలోడాల్టన్ల ప్రోటీన్. ఇది మన కణాల పొరలోని కొలెస్టరాల్‌ను పట్టుకుంటుంది. పట్టుకున్న అణువులు పొర మీదే పక్కపక్కన చేరి, 40 దాకా కలిసి ఒక వలయం కడతాయి. తర్వాత ఆ వలయమంతా ఒకేసారి పొరలోకి దిగబడుతుంది. దాదాపు 25 నానోమీటర్ల వెడల్పు కన్నం పడుతుంది. ఈ కన్నంలోంచి ఉప్పులే కాదు, ప్రోటీన్లకు ప్రోటీన్లే దూరిపోతాయి. కాల్షియం కణంలోకి వరదలా వస్తుంది. మైటోకాండ్రియా దెబ్బతిని, కణం తనను తాను చంపుకునే సంకేతాలు విడుదలవుతాయి. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో, అందులోనూ డెంటేట్ గైరస్ అనే భాగంలో కణాలు ఇలా రాలిపోతాయి. బతికి బయటపడ్డ పిల్లవాడు బడిలో వెనకబడటానికి ఇదొక కారణం. వెన్నునీటిని కదిలించే సన్నటి కేశాలు మెదడు గదుల గోడలకు ఉంటాయి, వాటి కదలికనూ ఈ విషం నిలిపేస్తుంది. వెన్నునీటికీ లోపలి చెవికీ సన్నని దారి ఉంది. ఆ దారిన బాక్టీరియా, విషం, వాపు మూడూ శబ్దాన్ని పట్టే కాక్లియాకు చేరి అక్కడి కేశకణాలను చంపుతాయి. మనిషిలో ఆ కణాలు మళ్లీ పుట్టవు.

హౌస్ సర్జన్లు తప్పక గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. న్యుమోలైసిన్‌కు బాక్టీరియా నుంచి తనంతట తాను బయటికి వచ్చే ఏర్పాటు లేదు. అది లోపలే నిల్వ ఉంటుంది, గోడ కూలితేనే సరుకు బయటపడే గోదాములో మాదిరి. ఆ గోడను కూల్చేది న్యుమోకాకస్ సొంత ఎంజైమ్, ఆటోలైసిన్. పెన్సిలిన్, సెఫ్ట్రయాక్సోన్ లాంటి మందులు కొత్త గోడ కట్టనివ్వవు, దాంతో ఆటోలైసిన్ చేతికి పని దొరుకుతుంది. అంటే మొదటి డోసు పడ్డ కొద్ది గంటల్లోనే లక్షల బాక్టీరియా ఒక్కసారిగా పగిలి న్యుమోలైసిన్, టైకోయిక్ ఆమ్లం, గోడ ముక్కలు అన్నీ వెన్నునీటిలో కలుస్తాయి. వాటిని చూసి మన శరీరం టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1 లాంటి వాపు సంకేతాలను గుమ్మరిస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపుగా దిగుతాయి. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న కట్టుదిట్టం సడలుతుంది. నీరు చేరి మెదడు ఉబ్బుతుంది. రక్తనాళాలు వాచి కొన్ని మూసుకుపోతాయి, అదే పక్షవాతం. పుర్రె పెరగదు కదా, కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది.

ఈ మాట విని యాంటీబయాటిక్ ఇవ్వడానికి ఎవరైనా జంకితే ఈ ప్రసంగం మేలుకన్నా కీడే చేసినట్టు. మందు ఇవ్వకపోతే బాక్టీరియా ఇంకా పెరుగుతుంది, దానంతట అది పగులుతూనే ఉంటుంది, మొత్తం విషం అనేక రెట్లు అవుతుంది. యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటా రోగికి నష్టమే. తేల్చుకోవలసింది యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా అని కాదు, దానికి ముందు ఏమివ్వాలన్నది.

ముందు ఇవ్వవలసింది డెక్సామెథసోన్, వాపును అణిచే స్టిరాయిడ్. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1 తయారీని ఇది మొదట్లోనే అడ్డుకుంటుంది. తయారీ మొదలైపోయాక ఇస్తే పెద్దగా చేసేదేమీ లేదు. అందుకే వేళే దీని బలం. 2002లో వెలువడ్డ ఐరోపా అధ్యయనంలో 301 మంది పెద్దవాళ్లకు మొదటి యాంటీబయాటిక్‌కు 15, 20 నిమిషాల ముందు గానీ దానితోపాటు గానీ 10 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఆరు గంటలకోసారి, నాలుగు రోజులు. మరణాలు 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి, ముఖ్యంగా న్యుమోకాకస్ రోగుల్లో. అన్ని దేశాల్లోనూ ఫలితం ఇంత బాగా రాలేదు. ఆఫ్రికాలోని మలావిలో తేడా కనిపించలేదు, అక్కడ చాలామందికి హెచ్‌ఐవీ ఉంది, ఆస్పత్రికి చేరేసరికే జబ్బు ముదిరింది. దీన్నిబట్టి డెక్సామెథసోన్ పనికిరాదు అనడం నా దృష్టిలో తొందరపాటు. ఆలస్యంగా వచ్చిన చోట అది నిలబడలేదని అర్థం చేసుకోవాలి.

మన దగ్గర జరిగేది చూద్దాం. పలమనేరు నుంచో పుంగనూరు నుంచో 108లో తిరుపతికి రావాలంటే రెండు గంటలు దాటుతుంది. కుప్పం నుంచయితే చెప్పనక్కర్లేదు. పీహెచ్‌సీలో ‘మెనింజైటిస్ అనుమానం, పెద్దాసుపత్రికి పంపుతున్నాం’ అని చీటీ రాసి, సెలైన్ పెట్టి పంపుతారు. ఆ రెండు గంటలూ బాక్టీరియావే. ఇంకో రకం పొరపాటు: దారిలో ఎవరో సెఫ్ట్రయాక్సోన్ 1 గ్రాము వేస్తారు, చీటీలో రాయరు, ఇక్కడికొచ్చాక డెక్సామెథసోన్ మొదలుపెడతారు. ముందు పడాల్సింది వెనక పడింది.

పీహెచ్‌సీలోనే చేయవలసింది చెబుతాను. జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మత్తు. వీటిలో రెండున్నా అనుమానించాలి. పసిపిల్లల్లో మెడ బిగుసుకోకపోవచ్చు, పాలు మానేయడం, సన్నగా ఆగకుండా ఏడవడం, మాడు ఉబ్బడం చూడాలి. సూది పెట్టిన చేత్తోనే రక్తం తీసి, బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ సీసా ఉంటే అందులో వేయండి, చక్కెర చూడండి. పెద్దవాళ్లకు డెక్సామెథసోన్ 10 మిల్లీగ్రాములు నరానికి. మన స్టాకులో ఉండే 2 మిల్లీలీటర్ల వయల్లో ఉండేది 8 మిల్లీగ్రాములే, 10 కావాలంటే రెండున్నర మిల్లీలీటర్లు తీయాలి. ఒక వయల్ ఇచ్చి సరిపెట్టడం చాలాచోట్ల జరుగుతోంది. పిల్లలకు కిలోకు 0.15 మిల్లీగ్రాములు. వెంటనే సెఫ్ట్రయాక్సోన్: పెద్దవాళ్లకు 2 గ్రాములు, అంటే ఒక గ్రాము వయల్స్ రెండు; పిల్లలకు కిలోకు 100 మిల్లీగ్రాములు, 2 గ్రాములకు మించకుండా. నరం దొరకకపోతే కండకు వేయొచ్చు, ఒక్కో చోట ఒక గ్రాముకు మించకూడదు. రింగర్ లాక్టేట్ ఎక్కుతున్న లైన్లో సెఫ్ట్రయాక్సోన్ వేయకండి, అందులోని కాల్షియంతో కలిసి తెల్లగా గడ్డకడుతుంది. రెండు మందులూ ఏ గంటకు ఏ నిమిషానికి పడ్డాయో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. నెలలోపు పసికందులకు మాత్రం డెక్సామెథసోన్ వద్దు, సెఫ్ట్రయాక్సోన్ కూడా వద్దు. వాళ్లకు ఆంపిసిలిన్‌తోపాటు సెఫోటాక్సిమ్ గానీ జెంటామైసిన్ గానీ.

పెద్దాసుపత్రిలో వాంకోమైసిన్ కలుపుతాం, న్యుమోకాకస్‌లో సెఫ్ట్రయాక్సోన్‌కు లొంగని రకాలు ఉన్నాయి కాబట్టి. కల్చర్‌లో న్యుమోకాకస్ గానీ హీమోఫిలస్ అనే బాక్టీరియా గానీ కాదని తేలితే డెక్సామెథసోన్ ఆపేయొచ్చు. సీటీ స్కాన్ కోసం యాంటీబయాటిక్ ఆపి కూర్చోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. ఫిట్స్ వచ్చినా, స్పృహ బాగా తగ్గినా, ఒక పక్క చేయీ కాలూ బలహీనపడ్డా ముందు స్కాన్ చేసి తర్వాత వెన్నునీరు తీయాలి, నిజమే. కానీ రక్తం కల్చర్, డెక్సామెథసోన్, యాంటీబయాటిక్ మూడూ స్కాన్ గదికి వెళ్లకముందే అయిపోవాలి.

వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని మన పల్లెల్లో గట్టి నమ్మకం. సంతకం పెట్టకుండా రోగిని తీసుకుపోయేవాళ్లున్నారు. వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి: పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలో, మొదటి రెండు నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. మనం సూది గుచ్చేది మూడో నాలుగో పూసల మధ్య, లేదా నాలుగో ఐదో పూసల మధ్య. అక్కడ వెన్నుపాము ఉండదు. తీసిన నీటిని మూడు నాలుగు గొట్టాల్లో పట్టండి, ఒక్కోదానిలో 20 చుక్కలు, అంటే సుమారు ఒక మిల్లీలీటరు. చక్కెర పరీక్షకు ఫ్లోరైడ్ గొట్టం. అదే సమయంలో రక్తంలో చక్కెర కూడా చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మామూలుగా వెన్నునీటి చక్కెర రక్తంలోదానికి మూడింట రెండు వంతులుంటుంది, బాక్టీరియా ఉంటే సగానికీ అంతకన్నా కిందికీ పడిపోతుంది. కల్చర్ గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. మెనింగోకాకస్ అనే బాక్టీరియా, హీమోఫిలస్ చలికి చస్తాయి. ‘రాత్రి ల్యాబ్ లేదు, పొద్దున పంపుదాం’ అనుకుని ఫ్రిజ్‌లో పెట్టిన నమూనా పారబోసినదానితో సమానం.

మెనింగోకాకస్ తీరు వేరు. దీని ఎండోటాక్సిన్ పేరు లైపో ఒలిగోసాకరైడ్. ఇది బతికుండగానే బయటి పొరను బుడగలు బుడగలుగా రాల్చుతూ ఉంటుంది, ఒక్కో బుడగ నిండా ఎండోటాక్సిన్. మన కణాల మీది టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. రక్తంలో ఎండోటాక్సిన్ ఎంత ఎక్కువుంటే మరణం అంత దగ్గరని నార్వేలో చేసిన కొలతలు చూపాయి. అదే కొలతల్లో ఇంకో సంగతీ తేలింది: యాంటీబయాటిక్ మొదలయ్యాక రక్తంలో ఎండోటాక్సిన్ గంటగంటకూ తగ్గుతుంది. భయపడి మందు ఆపకూడదని ఇందాక అన్నది అందుకే. ఈ జబ్బులో చర్మం కింద రక్తపు మచ్చలు వస్తాయి. గాజు గ్లాసు పెట్టి నొక్కితే మామూలు దద్దురు మాయమవుతుంది, ఇవి మాయం కావు. మన ఒంటి రంగు మీద అవి తేలిగ్గా కనబడవు, అరచేతులు, అరికాళ్లు, కంటి రెప్పల లోపల, అంగిలి వెతకండి.

పసికందుల్లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ.కోలై కె1 ముఖ్యం. మొదటిది కణాల్ని పగలగొట్టే హీమోలైసిన్‌ను చేస్తుంది. రెండోదాని సీఎన్‌ఎఫ్1 అనే విషం మెదడు రక్తనాళాల కణాల్లో ఒక స్విచ్ ప్రోటీన్‌ను ఆన్‌లోనే ఇరికించి, బాక్టీరియాను ఆ కణాలే లోపలికి లాక్కునేట్టు చేస్తుంది. గర్భిణులు, 50 దాటినవాళ్లు, స్టిరాయిడ్లు వాడేవాళ్లలో లిస్టీరియా అనే బాక్టీరియాను గుర్తుంచుకోండి. దాని లిస్టీరియోలైసిన్ న్యుమోలైసిన్‌కు చుట్టమే. దానికి సెఫ్ట్రయాక్సోన్ పనిచేయదు, ఆంపిసిలిన్ 2 గ్రాములు నాలుగు గంటలకోసారి కలపాలి.

ఇప్పుడు వెనక వరుసల వాళ్ల దగ్గరికి. ఆంత్రాక్స్, మన కాపరులు దొమ్మ రోగం అనేది. పాత చిత్తూరు జిల్లా దీనికి కొత్త కాదు, ఇక్కడి గొర్రెల మందల్లో ఇది కనబడుతూ వచ్చింది. చర్మం మీది పుండుతో మొదలైనా, మాంసం తినడం వల్ల పేగులో మొదలైనా, ఇది రక్తంలోకి చేరితే మెదడు పొరల దాకా పోతుంది. విషం పని ఎంత స్పష్టంగా కనబడుతుందో చూడాలంటే ఈ జబ్బే చూడాలి. దీని విషం మూడు ముక్కలు. ప్రొటెక్టివ్ యాంటిజెన్ అనే ముక్క కణం మీద వాలి, ఏడెనిమిది కలిసి ద్వారం కడతాయి. ఆ ద్వారంలోంచి మిగతా రెండూ దూరతాయి. ఎడిమా ఫాక్టర్ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును విపరీతంగా పెంచి నీరు చేరేట్టు చేస్తుంది. లీథల్ ఫాక్టర్ కణం బతకడానికి కావలసిన సంకేత ప్రోటీన్లను కోసేస్తుంది. రక్తనాళాల గోడలు నిలవలేవు. వెన్నునీరు రక్తంలా వస్తుంది. గ్రామ్ స్టెయిన్‌లో ఊదారంగు కడ్డీలు వెదురు గణుపుల్లా వరసగా కనిపిస్తాయి. ఈ రోగుల్లో నూటికి తొంభై మందికి పైగా చనిపోతారు. సూది గుచ్చడంలో రక్తనాళం తగిలి నీరు ఎర్రగా వచ్చిందని కొట్టిపారేయకండి, గొర్రెలతో పనేమైనా ఉందా అని అడగండి.

ఇక్కడ సెఫ్ట్రయాక్సోన్‌ను నమ్ముకోకూడదు, ఈ బాక్టీరియా దాన్ని విరిచేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ 400 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి, మెరోపెనెమ్ 2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి, లినెజోలిడ్ 600 మిల్లీగ్రాములు పన్నెండు గంటలకోసారి. మూడో మందు ఎందుకంటే, అది బాక్టీరియాకు ప్రోటీన్ తయారీనే ఆపుతుంది, విషం కూడా ప్రోటీనే కదా. న్యుమోకాకస్ విషయంలోనూ ఇదే ఆలోచన మీద పరిశోధన సాగుతోంది: కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో ముందు రిఫాంపిసిన్ ఇస్తే బాక్టీరియా పగలకుండా చచ్చింది, బయటపడ్డ విషం తగ్గింది.

పశువైద్య సిబ్బందికి నా మనవి. బాగున్న గొర్రె ఉన్నట్టుండి పడి చచ్చి, ముక్కులోంచీ వెనకనుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దాన్ని కోయనివ్వకండి. కళేబరం లోపల బాక్టీరియా మామూలు రూపంలో ఉంటుంది, కోసి గాలి తగిలితే స్పోర్లుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపంలోకి మారుతుంది. ఆ స్పోర్లు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. కాపరికి ఆ గొర్రె వేల రూపాయల నష్టం, కనీసం మాంసమైనా పంచుకుందామనుకోవడం అర్థం చేసుకోదగిందే. కానీ ఉడికించేలోపే కోసినవాడి చేతికి, తోలు వొలిచినవాడి చేతికి అంటుకుంటుంది. ఆరడుగుల లోతున కోయకుండా పాతించండి, మిగతా మందకు టీకా వేయండి, ఆ ఊరి ఏఎన్‌ఎంకు అదే రోజు ఫోన్ చేయండి. ఆ ఫోన్ వస్తేనే నాలుగు రోజుల తర్వాత ఆ ఊరి నుంచి జ్వరంతో వచ్చిన మనిషిని మేం సరైన కళ్లతో చూడగలం.

ఒక మాట టీకాల గురించి. 6, 10, 14 వారాల పెంటావాలెంట్‌లో హీమోఫిలస్ బి టీకా ఉంది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు న్యుమోకాకస్ టీకా పీసీవీ. ఈ రెండూ బాక్టీరియా పైతొడుగు మీద పనిచేస్తాయి, విషం మీద కాదు. పీసీవీలో కొన్ని రకాల న్యుమోకాకస్‌లే ఉంటాయి కాబట్టి టీకా పడ్డ పిల్లవాడిలోనూ అనుమానం వదలకండి. న్యుమోకాకస్ మెనింజైటిస్ నుంచి కోలుకున్నవాళ్లలో పదిమందిలో దాదాపు ముగ్గురికి ఎంతో కొంత వినికిడి పోతుంది. ఇంటికి పంపేముందే, కుదరకపోతే నాలుగు వారాల్లోపు, వినికిడిని కొలిచే బెరా పరీక్ష చేయించండి. ఆలస్యమైతే కాక్లియా ఎముకగా గట్టిపడిపోయి ఇంప్లాంట్ పెట్టడమే కష్టమవుతుంది. మాట రాని పిల్లకు ఈ పరీక్ష మనం చేయించకపోతే అడిగేవాళ్లెవరూ ఉండరు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: రోగి ఇంట్లోవాళ్లందరికీ మాత్రలు ఇవ్వాలా?)

మెనింగోకాకస్ అయితే ఇవ్వాలమ్మా. న్యుమోకాకస్‌కు అక్కర్లేదు. ఒకే ఇంట్లో పడుకున్నవాళ్లు, హాస్టల్లో ఒకే గదివాళ్లు, నోట్లో గొట్టం వేసినప్పుడు మాస్కు లేకుండా దగ్గరున్న సిబ్బంది. వీలైతే 24 గంటల్లో ఇవ్వాలి. పెద్దవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మిల్లీగ్రాములు ఒక్క మాత్ర చాలు. లేదా రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రెండు రోజులు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి ఆపేస్తారు. గర్భిణులకు సెఫ్ట్రయాక్సోన్ 250 మిల్లీగ్రాములు కండకు ఒక్కసారి.

(సభలోంచి: ఆంత్రాక్స్ రోగి పక్కనున్నవాళ్లకో?)

మనిషి నుంచి మనిషికి మెనింజైటిస్‌గా అంటదు. పుండు ఉంటే గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, అంతే. మందు అవసరమయ్యేది ఆ గొర్రెను కోసినవాళ్లకు, ఆ మాంసం తిన్నవాళ్లకు. వాళ్ల పేర్లు రాసుకుని అదే రోజు పీహెచ్‌సీ డాక్టరుకు చూపించండి, సిప్రోఫ్లాక్సాసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ ఎన్ని రోజులో ఆయన నిర్ణయిస్తారు. జ్వరంతోపాటు తలనొప్పి మొదలైనవాళ్లను మాత్రం మాత్రలిచ్చి ఇంట్లో ఉంచకండి, నేరుగా 108 ఎక్కించండి.